మోకులవాడి కూతురు

రేవులో నిలబడనని మాటిచ్చాను, నిలబడలేదు, ఇప్పుడు నేనున్నది ఓడ మీద, ఓడ ఎక్కనని మాత్రం ఎవరికీ మాటివ్వలేదు కదా, కాబట్టి నేను మాట తప్పినవాణ్ణి కాను. ఇంత తేలిక సంగతి వర్వారాకి ఎందుకు ఎక్కదో నాకు తెలీదు, నలభై ఒక్కేళ్ళ కాపురంలో నేను చెప్పిన న్యాయం ఒక్కటంటే ఒక్కటి ఆవిడ ఒప్పుకున్న పాపాన పోలేదు. "కంటి డాక్టరు కోసం సముద్రం దాటి పిరేయస్ దాకా పోవాలా? ఇక్కడి డాక్టర్లకి కళ్ళు లేవా?" అంది మొన్న పొద్దున, సంచీలో నా చొక్కాలు సర్దుతూనే. నేనేదో గొణిగాను. ఆవిడ లోపలికెళ్ళి, తను ద్రాక్షతోటకి పెట్టుకెళ్ళే వెడల్పాటి గడ్డిటోపీ, నీలం రిబ్బనుతో సహా, తెచ్చి నా నెత్తిన బోర్లించింది. "ఆ బట్టతల బయటపెట్టుకు కూర్చున్నావంటే నీ కూతురు మైలు దూరాన్నుంచి గుర్తుపడుతుంది. నల్లద్దాలు కూడా పెట్టుకో" అంది. అంతా తెలిసే అడిగిందన్నమాట. ఆడవాళ్ళతో ఇదే చిక్కు, రహస్యం మనదే అనుకుంటాం, దానికి టోపీ మాత్రం వాళ్ళు తెచ్చి పెడతారు.

అందుకని ఇలా, పిరేయస్ నుంచి తిరిగొచ్చే ఓడ వెనకభాగంలో, పై అంతస్తు మీద, ప్లాస్టిక్ కుర్చీలో, షికారుకొచ్చినవాడిలా కాలు మీద కాలేసుకుని కూర్చున్నాను, నేను, లినార్దోస్‌ని, మా సీరోస్ దీవి మీది ఎర్మూపోలి రేవులో ఇరవై తొమ్మిదేళ్ళు ఓడలు కట్టినవాణ్ణి, ఓడలోంచి వచ్చే మోకు అందుకుని గట్టు మీది ఇనపగుంజకి తగిలించడమే బతుకుగా బతికినవాణ్ణి, మెడలో పక్కింటివాళ్ళ కెమెరా వేలాడేసుకుని. ముందువైపు, అందరికన్నా ఎత్తున, చుక్కాని గదిలో నా కూతురు మరియెట్టా ఉంది. నిన్నటిదాకా కెప్టెను పక్కన నిలబడేది, ఇవాళ కెప్టెను. "నాన్నా, నా మొదటి పది ట్రిప్పులూ నువ్వు గట్టు మీద ఉండొద్దు, నువ్వక్కడ చేతులు కట్టుకు నిలబడి చూస్తుంటే నాకు చేతులాడవు" అంది ఫోన్లో, నవ్వుతూనే, కానీ ఆ నవ్వు నాకు తెలుసు, చిన్నప్పుడు పన్ను పీకించుకోడానికి వెళ్ళేముందు కూడా అలాగే నవ్వేది. కొండ మీద మా పేటలో దాన్ని లినార్దోస్ కూతురనే పిలిచేవాళ్ళు, రేపట్నుంచి నన్ను కెప్టెను తండ్రి అంటారు, ఆ మాటని పొద్దున్నుంచి బిళ్ళలాగా బుగ్గన పెట్టుకుని చప్పరిస్తున్నాను, ఇంకా అరగలేదు.

పక్క కుర్చీల్లో లారిస్సా నుంచి వచ్చిన దంపతులు, ఆయన స్తెర్యోస్, పత్తిరైతు, అరచేతులు చూస్తేనే తెలుస్తుంది, ఆవిడ ఎవ్దొక్సియా, ఒళ్ళో గైడు పుస్తకం. "మొదటిసారా పెద్దాయనా, సీరోస్ రావడం?" అన్నాడాయన. మొదటిసారే అన్నాను. నోరు తెరిస్తే అబద్ధమే వచ్చింది, వచ్చాక చూస్తే అది అంత అబద్ధమూ కాదు. ఎందుకంటే నేను ఎప్పుడు ఊరు దాటి తిరిగొచ్చినా కింద, కార్లు పెట్టే చోట, వెనక తలుపు పక్కనే నిలబడి ఉండేవాణ్ణి, తలుపు దిగీ దిగగానే మోకులెవరు పట్టారు, ముడి ఎలా వేశారు చూసి నాలుగు తిట్టాలని, అంతేకాని ఒక్కసారైనా పైకెక్కి, సముద్రం మీంచి, నా ఊరెలా ఉంటుందో చూడాలని తోచలేదు. ఎవ్దొక్సియా పుస్తకంలోంచి చదువుతోంది, "వినండి ఇద్దరూ, ఒకప్పుడు దేశం మొత్తానికీ పెద్ద రేవు ఇదేనట, పిరేయస్ కూడా దీని తర్వాతేనట." "ఆ ముక్క సీరోస్‌వాళ్ళే రాయించి ఉంటారు, మా ఊళ్ళోనూ ఎవడి పత్తి వాడికే పొడుగు" అన్నాడు స్తెర్యోస్. నాకు ఒళ్ళు మండింది. అయ్యా, మా ఊరి మధ్యలో ఉన్న కూడలిలో నడిచేది పాలరాతి మీద, వానొస్తే మేయరైనా సరే జారి కూలబడాల్సిందే, అంత నునుపు, నీ లారిస్సాలో మేయరు దేని మీద జారుతాడో చెప్పు అని అడగాలని నాలిక చివరిదాకా వచ్చింది. యాత్రికుణ్ణి కదా, "అలాగా!" అన్నాను. ఇంతటి త్యాగం నేను జీవితంలో చెయ్యలేదు.

ఎర్మూపోలి రేవుకి ఒక దురలవాటుంది, అది ఏ గైడు పుస్తకంలోనూ లేదు. మా రేవులో ఓడ మూతి గట్టుకి పెట్టదు. లోపలికొచ్చి, ఉన్న కాస్త జాగాలో గిర్రున తిరిగి, లంగరు వేసి, వీపు గట్టుకి పెట్టి వెనక్కి వెనక్కి రావాలి. ఎదురుగా కాఫీ కొట్టు. కొట్టు ముందు కుర్చీల్లో మా వాళ్ళు, తవ్లీ పాచికలాట ఆపి చూస్తారు. ఒక్కసారికే ఆనుకుందా, గ్లాసులెత్తుతారు. కుదరక బయటికెళ్ళి మళ్ళీ వచ్చిందా, రెండు వేళ్ళు. ఇంకోసారా, మూడు. పైన అంచున నిలబడ్డ కెప్టెనుకి కనిపించేలా, చెయ్యి బాగా పైకెత్తి చూపిస్తారు. ఆ వేళ్ళు ఇక పోవు. మూడు వేళ్ళ కెప్టెను అని ఒకాయన ఉండేవాడు, బంగారంలాంటి మనిషి, పాపం, ఆయన పోయిన రోజున కూడా "మూడు వేళ్ళాయన పోయాడటరా" అనే చెప్పుకున్నాం, అసలు పేరు సమాధి రాయి మీద చూసి ఓహో అనుకున్నాం. ఈ విషయంలో నేనేం తక్కువ తినలేదు, చేతిలో మోకున్నా సరే మోచేత్తో నొక్కిపట్టి మరీ చెయ్యెత్తేవాణ్ణి. ఇప్పుడు మెల్తెమి, మా ఎండాకాలపు గాలి, కొలతలో ఎనిమిది మీదుంది, ఉత్తరాన్నుంచి ఊపిరి తిప్పుకోకుండా కొడుతోంది, మొదటి రోజు, ఆడకూతురు, కాఫీ కొట్టులో ఇవాళ ఒక్క కుర్చీ ఖాళీ ఉండదు, ఒక్కసారికే కట్టాలి తల్లీ, ఒక్కసారికే, దేవమాతా, ఇంకేమీ అడగను, దానికి రెండు వేళ్ళు పడితే అది ముసలిదయ్యేదాకా పడతాయి.

కప్పులోని స్పీకరు గరగరలాడింది, "కెప్టెన్ మాట్లాడుతున్నాను" అని వినబడింది, మరియెట్టా గొంతు, ఇంట్లో ఉప్పు అందుకో నాన్నా అనే గొంతే, కాకపోతే ఇస్త్రీ చేసినట్టుంది. గాలి ఎక్కువగా ఉందనీ, ఎర్మూపోలిలో దిగేవాళ్ళు తను చెప్పేవరకూ కుర్చీల్లోంచి లేవొద్దనీ చెప్పింది. చుట్టూ తలలు లేచాయి. "ఆడమనిషా?" అన్నాడు స్తెర్యోస్. "అయ్యయ్యో, ఎవ్దొక్సియా, నువ్వు కారు వెనక్కి తియ్యబోయి పూలకుండీ పగలగొట్టావు, ఈవిడ ఇంత ఓడని వెనక్కి తీస్తుందట!" "నేను పగలగొట్టింది కుండీ, గేటు పగలగొట్టిన మహానుభావుడెవరో చెప్పమంటావా ఈయనకి?" అందావిడ. నేను నవ్వాను, గట్టిగానే నవ్వాను, నవ్వకపోతే దొరికిపోతాను. చేతులు మాత్రం టోపీ అంచుని పిసికేస్తున్నాయి. ఎవరూ చూడకుండా నల్లద్దాల కింద కళ్ళు తుడుచుకున్నాను, గొంతు విన్నందుకు, అంతే, డాక్టరు కళ్ళు బాగున్నాయనే చెప్పాడు.

అప్పుడు ఓడ దీవి ఉత్తరపు కొమ్ముని చుట్టి తిరిగింది, ఊరు కనబడింది. ఇదా? ఇదా నేను ఇన్నేళ్ళూ వీపు పెట్టి పనిచేసింది? సముద్రంలోంచి నేరుగా లేచిన పాత షావుకార్ల మేడలు, అలలు వాటి గడపల మీద కొడుతున్నాయి, వాటి వెనక సెయింట్ నికొలస్ గుడి నీలం గుమ్మటం, పైన రెండు కొండలు పక్కపక్కనే, కుడివైపుది వాళ్ళది, శరణార్థులై వచ్చి ఈ ఊరు కట్టిన ఆర్థడాక్సువాళ్ళది, ఎడంవైపుది మాది, కాథలిక్కులది, వాళ్ళు రాకముందు ఎప్పట్నుంచో ఉన్నవాళ్ళం, కొండకొమ్మున మా సెయింట్ జార్జి, దాని కింద మెట్లు మెట్లుగా ఇళ్ళు, ఆ ఇళ్ళలో ఎక్కడో మా డాబా, డాబా మీద వర్వారా ఉండే ఉంటుంది, ఉతికిన దుప్పటి ఆరేసే నెపంతో. ఓడల కార్ఖానా క్రేన్లు ఒక పక్కన. ఎవ్దొక్సియా పుస్తకం మూసేసింది. స్తెర్యోస్ లేచి నిలబడి, టోపీ తీసి, "అమ్మ బాబోయ్" అన్నాడు. నాకు ఛాతీ ఎంత ఉప్పొంగిందంటే కెమెరా పట్టీ బిగుసుకుంది. చూడు, బాగా చూడు లారిస్సావాడా, ఇది మా ఊరు, ఇప్పుడు నిన్ను అందులోకి తీసుకెళ్తున్నది నా కూతురు. పైకి మాత్రం, "పర్లేదు, బాగానే ఉంది" అన్నాను.

లోపలికొచ్చేశాం. ఓడ తిరగడం మొదలైంది, మెల్లిగా, ఎంత ముద్దుగా తిప్పింది, తొందరలేదు, జంకులేదు, ముందు లంగరు గొలుసు గడగడా దిగిన చప్పుడు కుర్చీ కాళ్ళలోంచి నా ఎముకల్లోకి వచ్చింది, ఇంజను మాట మార్చింది, గట్టు మా వైపు రావడం మొదలుపెట్టింది. నేను కూర్చున్నది వెనకభాగం కాబట్టి నాకన్నీ కనిపిస్తున్నాయి, గట్టు మీద మోకులవాళ్ళు నలుగురు, చేతికి తొడుగులు, కొత్తవాళ్ళు, నేను దిగిపోయాక చేరినవాళ్ళు, వాళ్ళ వెనక కాఫీ కొట్టు, అనుకున్నట్టే కిటకిట, నిలబడి మరీ చూస్తున్నారు వెధవలు. నూరు గజాలు. అరవై. సన్నతాడు ఎగిరింది, గట్టుమీదివాడు పట్టుకున్నాడు, శభాష్, లాగాడు, దాని వెనక లావుపాటి మోకు నీళ్ళలోంచి పాములా వచ్చింది, ఉచ్చు ఇనపగుంజకి పడింది. పడింది! ఒక్కసారికే! నేను సగం లేచాను. అప్పుడు కొండల మధ్య సందులోంచి గాలి ఒక్క తోపు తోసింది. ఓడ మూతి పక్కకి జారడం మొదలైంది, నాకు అరికాళ్ళకి తెలిసిపోయింది, లంగరు పట్టు వదిలింది, ఈడ్చుకుంటూ వస్తోంది. మోకు నీళ్ళలోంచి లేచి బిగిసింది, నీళ్ళు చిమ్ముతూ సన్నబడింది. లాగు, అన్నాను పళ్ళ బిగువున, లాగు తల్లీ, మోకు పడింది కదా, మరతో లాగెయ్, వచ్చేస్తుంది, ఇరవై గజాలే, అందరూ చూస్తున్నారే, లాగు. ఇంజను రొద ఆగింది. వెనక నిలబడ్డ నావికుడు వైర్‌లెస్ చెవికి పెట్టుకుని విన్నాడు, మర తిప్పి మోకుని వదులు చేశాడు. గట్టు మీదికి చెయ్యూపి, "తీసెయ్యండి!" అని అరిచాడు. గుంజ మీద పడ్డ ఉచ్చుని వాళ్ళు తీసి నీళ్ళలో పడేశారు. ఓడ ముందుకి కదిలింది. బయటికి. కాఫీ కొట్టు నుంచి ఈల వినబడింది, గాలిలో కూడా వినబడింది, చేతులు లేచాయి, ఒక్కో చేతికి రెండేసి వేళ్ళు. నాకు తల కొట్టేసినట్టయింది, నిజమే చెప్తున్నాను, మొదట సిగ్గే వేసింది, కూతుర్ని చూసి సిగ్గుపడ్డాను, టోపీ ముఖం మీదికి లాక్కున్నాను.

టోపీ కింద, ఆ గడ్డి వాసనలో, నా మాటే నాకు మళ్ళీ వినబడింది, లాగు, లాగు. ఎవరికి చెప్పాను ఈ మాట ఇంతకు ముందు? చెప్పాను, ఇదే రేవులో, ఇరవై ఏడేళ్ళ కిందట, ఇలాంటి గాలిలోనే. అప్పటి కెప్టెను వారం ముందు రెండోసారికి గానీ కట్టలేకపోయాడు, నేనే అందరికన్నా ముందు వేళ్ళు ఎత్తాను, ఆ వారం వీధిలో కనబడ్డప్పుడల్లా ఎత్తాను, ఆయన ముఖం ఎర్రబడేది, మాకు నవ్వు ఆగేది కాదు. ఆ రోజు లంగరు జారింది, మోకు అప్పటికే గుంజ మీదుంది, ఆయన పైనుంచి మా వైపు చూశాడు, కాఫీ కొట్టు వైపు చూశాడు, మళ్ళీ తిరగలేకపోయాడు, తిరిగితే మళ్ళీ రెండు వేళ్ళు. నేను కిందనుంచి చేతులూపుతూ అరిచాను, "లాగు కెప్టెనూ, లాగు!" లాగాడు. మోకు తెగి కొరడాలా గట్టు మీదికి విసిరినప్పుడు చప్పుడు తుపాకీలా ఉంటుందంటారు, నాకు చప్పుడు గుర్తులేదు, నా పక్కన నిలబడ్డ మత్తియోస్ అక్కడ లేకపోవడం గుర్తుంది. నాలుగు గజాల అవతల పడున్నాడు, కుడికాలు మోకాలి కిందనుంచి అతనిది కాదు. తప్పు కెప్టెనుదే అని రాశారు, ఆయన ఉద్యోగం పోయింది, వేళ్ళ సంగతి ఎవరూ రాయలేదు, నేనూ చెప్పలేదు, వర్వారాకి కూడా. ఆ రోజు కాఫీ కొట్టులో ఎనిమిదేళ్ళ పిల్ల ఉంది, నీళ్ళ గ్లాసులో ముంచిన వెనిల్లా పాకం చెంచా నాకుతూ, నాన్న పని అయిపోతే ఇంటికి తీసుకెళ్తాడని కూర్చుంది. నేను దాన్ని ఎత్తుకుని కొండెక్కాను, ముఖం నా భుజానికి అదిమి పెట్టుకున్నాను, చూడలేదులే అనుకున్నాను. అది ఒక్క మాట అడగలేదు. తర్వాత ఓడల బళ్ళో చేరతానన్నప్పుడు, నా కథలు విని సముద్రం మీద మోజు పుట్టిందని ఊరంతా చెప్పుకు తిరిగాను. ఓరి మూర్ఖుడా లినార్దోస్, కథలు విని కాదురా. అది చూసింది. అన్నీ చూసింది. వేళ్ళనీ చూసింది, నిన్నూ చూసింది.

చుట్టూ గోల. ఎవరో బల్ల కొడుతున్నారు, ఎవరో పడవ మారాలి నాకు అంటున్నారు, స్తెర్యోస్ నా భుజం మీద తట్టి, "చూశావా పెద్దాయనా? మోకు తగిలించాక కూడా పారిపోయింది. మగాడైతే లాగేసేవాడు. ఎవరిచ్చారు ఈమెకి ఓడ?" అన్నాడు. నేను టోపీ తీశాను, నల్లద్దాలు తీశాను, లేచి నిలబడ్డాను. "ఆమె నా కూతురు" అన్నాను. "నేను యాత్రికుణ్ణి కాను, అబద్ధం చెప్పాను, నాది ఈ ఊరే. ఇరవై తొమ్మిదేళ్ళు ఆ కింద మోకు పట్టాను. ఎందరో కెప్టెన్లు వచ్చారు, గొప్ప గొప్పవాళ్ళు, మీసాలవాళ్ళు. కింద మేమున్నామని మోకు వదిలి వెనక్కి తిరిగినవాడు వాళ్ళలో ఒక్కడూ లేడు. ఊరంతా నవ్వుతుంటే తిరగడానికి దమ్ము కావాలి, అది నాకు లేదు, నీకూ లేదు, దానికుంది." గొంతు పెద్దదే నాది, గాలిలో ఓడలతో మాట్లాడిన గొంతు, చుట్టుపక్కల బల్లలవాళ్ళంతా ఇటు తిరిగారు. ఎవ్దొక్సియా మొగుణ్ణి చూసి, "కూర్చో, గేటు గుర్తు తెచ్చుకుని కూర్చో" అంది, నాకు మాత్రం తన నీళ్ళ సీసా అందించింది. తాగాను. నా ఒంట్లో ప్రతి ఎముకా గర్వంతో మోగుతోంది, ఇంతవరకూ చప్పరించిన గర్వం చక్కెరబిళ్ళే, అసలుది ఇదన్నమాట, ఇది గొంతు దిగదు.

రెండోసారి వచ్చింది. ఈసారి గొలుసు ఇంకా పొడవు వదిలింది, గాలివైపుకి ఇంకా పైకెళ్ళి లంగరు వేసింది, వేశాక ఆగింది, పట్టిందా లేదా అని ఆగి చూసింది, అంత సేపు ఎవరూ ఆగరు. తర్వాత వెనక్కి. ఎనభై గజాలు, యాభై, ఇరవై. సన్నతాడు, మోకు, ఉచ్చు గుంజ మీద. గాలి తోసింది, ఓడ కదల్లేదు. రెండో మోకు. తలుపు కిందికి దిగుతోంది. నేను పైన చుక్కాని గది పక్కనున్న వసారా అంచున చూశాను, తెల్ల చొక్కాలో అది నిలబడి ఉంది, కాఫీ కొట్టు వైపు చూడటం లేదు, గుంజల వైపు వంగి చూస్తోంది, మోకులవాళ్ళు ఒక్కొక్కళ్ళూ దూరం జరిగేదాకా చెయ్యి ఎత్తే ఉంచింది, నలుగురూ జరిగాక దింపింది. మరలు అప్పుడు బిగించారు. కొట్టు ముందు కుర్చీలోంచి మత్తియోస్ లేచి నిలబడ్డాడు, అంత గాలిలో, బల్ల పట్టుకుని, ఓడకేసి తిరిగి. అతను ఓడల కోసం ఎప్పుడూ లేవడు. జనంతో పాటు మెట్లు దిగి, కార్ల మధ్యలోంచి నడిచి, తలుపు దాటి గట్టు మీద కాలు పెట్టానో లేదో జేబులో ఫోను మోగింది.

"నాన్నా, దిగావా?"

"నేనున్నానని నీకెలా తెలుసే?"

"ప్రయాణికుల జాబితా మీద సంతకం పెట్టేది నేనే కదా" అంది. నాకు దాని ఊపిరి వినిపిస్తోంది, వెనక ఇంజను, గాలి. "రెండుసార్లు పట్టింది నాన్నా" అంది, ఇస్త్రీ చేసిన గొంతు కాదిది, మా ఇంటి గొంతు. "తల దించుకునేలా చేశానా?"

నేను వెనక్కి తిరిగి గట్టు పొడుగునా చూశాను, గుంజ పక్కన ఇద్దరు, అటు చివర ఇద్దరు, తొడుగులు విప్పి సిగరెట్లు ముట్టించుకుంటున్నారు, గాలికి అగ్గిపుల్ల ఆరిపోతే ఒకణ్ణొకడు తిట్టుకుంటున్నారు.

"నలుగురూ రెండేసి కాళ్ళ మీద నిలబడి ఉన్నారు, కెప్టెన్" అన్నాను.